టెక్సాస్‌లో గొంతు నొక్కిన కేసు: ఇరువైపులా రాజీ పడితే మూసేస్తారా? (కాలిన్ కౌంటీ)

తెనాలి_అన్న

అందరికీ నమస్కారం. మా చిన్నాన్న కూతురు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. పెళ్లయి నాలుగేళ్లు. భర్తది హెచ్‌-1బి ఉద్యోగ వీసా, ఆమెది దాని మీద ఆధారపడిన హెచ్‌-4. ఆరు రోజుల క్రితం రాత్రి ఇద్దరి మధ్య గొడవ జరిగింది. భయపడి చెల్లి 911కి ఫోను చేసింది. పోలీసులు వచ్చి అతన్ని తీసుకువెళ్లారు. మెకిన్నీలో ఉన్న కౌంటీ జైలులో రెండు రాత్రులు ఉండి, బాండు కట్టి బయటికి వచ్చాడు. ఇప్పుడు అర్వింగ్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉంటున్నాడు. 61 రోజుల పాటు ఇంటి దగ్గరికి రాకూడదని మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చారు.

కాగితంలో నేరం పేరు 'కుటుంబ సభ్యురాలిపై దాడి, శ్వాసకు లేదా రక్త ప్రసరణకు ఆటంకం' అని ఉంది. మూడో తరగతి ఫెలనీ (తీవ్ర నేరం) అట. నిజానికి ఒంటి మీద దెబ్బలు లేవు. మెడ దగ్గర కొద్దిగా కందిందట, మర్నాటికి అదీ పోయిందట. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి మాట సరిగా రావడం లేదు, అంతే.

మా చిన్నాన్న, ఆ అబ్బాయి తండ్రి ఇక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. చెల్లి కూడా సరేనంటోంది. కేసు వెనక్కి తీసుకోవడానికి ఏ కాగితం రాయాలి, ఎవరికి ఇవ్వాలి? తెలిసినవారు చెప్పగలరు.

రాత్రి_షిఫ్టు

అన్నగారూ, నేను డల్లాస్ పరిసరాల్లో ఎమర్జెన్సీ విభాగంలో నర్సును. కోర్టు సంగతి తెలిసినవారు చెబుతారు. నేను మీరు రాసిన ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఏడుపు వల్ల వచ్చిన బొంగురు సాధారణంగా ఆరు రోజులు ఉండదు. మెడ నొక్కిన తర్వాత గొంతు మారిందంటే స్వరతంతుల దగ్గర వాపో కమిలిన గాయమో ఉండి ఉండవచ్చు.

దయచేసి ఈ రోజే ఆమెకు ఫోను చేసి ఇవి అడగండి. మింగుతుంటే నొప్పిగా ఉందా? తల ఒకవైపు నొప్పిగా ఉందా? చూపు మసకబారిందా? చెయ్యి గానీ ముఖంలో ఒక పక్క గానీ మొద్దుబారినట్టు అనిపించిందా? ఆ రాత్రి మధ్యలో కొంతసేపు ఏమి జరిగిందో గుర్తు లేకుండా పోయిందా? బట్టల్లో మూత్రం పోయిందా? చివరి ప్రశ్నకు ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. నేను చూసిన ఒకామె పోలీసులు వచ్చేలోపు బట్టలు మార్చుకుని, తడిసినవి వాషింగ్ మెషీన్లో వేసి, ఏమీ జరగనట్టు తలుపు తీసింది. ఆ సిగ్గు వెనుక స్పృహ తప్పిన ఆనవాలు దాగి ఉందని ఆమెకు తెలియదు.

మెడలోని రక్తనాళాలు మూసుకుపోతే 10 సెకన్ల లోపే స్పృహ తప్పవచ్చు. దానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు. ఆ ఒత్తిడికి నాళం లోపలి పొర చీలితే పక్షవాతం రోజుల తర్వాత కూడా రావచ్చు. వాళ్లను చూసేటప్పుడు నేను ముందు కనురెప్పను బొటనవేలితో వెనక్కి తీసి చూస్తాను, ఆపైన చెవుల వెనుక, నాలుక కింద. సూదిమొనంత ఎర్రటి చుక్కలు అక్కడే దాక్కుంటాయి. చాలామందిలో అవి కూడా కనిపించవు.

దెబ్బలు లేవు కాబట్టి పెద్దగా ఏమీ కాలేదని అనుకోకండి. 1995లో శాన్ డియాగోలో ఇద్దరు టీనేజి అమ్మాయిలు చనిపోయాక, అక్కడి సిటీ అటార్నీ కార్యాలయం గొంతు నొక్కిన కేసులు 300 తిరగేసి చూసింది. సగం కేసుల్లో కంటికి కనిపించే గాయమే లేదు. ఫొటోలో తెలిసేంత గాయం ఉన్నవి 15 శాతమే. ఇన్ని రాష్ట్రాలు దీనికి ప్రత్యేక చట్టాలు తేవడం వెనుక ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఈ అధ్యయనం ఒకటి.

ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు 'గొంతు నొక్కాడు' అని స్పష్టంగా చెప్పమనండి. మెడ రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ అవసరమా అని అడగమనండి. కేసు ఎటు పోయినా ఇది ముందు జరగాలి.

విశ్రాంత_పీపీ

గుంటూరు, తెనాలి కోర్టుల్లో ముప్పై ఏళ్లు ప్రాసిక్యూషన్ వైపు పనిచేశాను. బాబూ, నీ ప్రశ్న మన ఊరి అలవాటులోంచి వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. ఇలాంటి కేసులు రాజీతో ముగియడం నేను వందల్లో చూశాను.

మన దగ్గర గొంతు నొక్కడానికి విడిగా సెక్షన్ లేదు. తీవ్రతను బట్టి పాత చట్టంలో (ఐపీసీ) 307 హత్యాయత్నం పెట్టేవారు, లేదంటే 323 కింద చిన్న దెబ్బగా రాసేవారు. కుటుంబం అయితే భార్యను వేధించడం కింద 498ఎ తోడయ్యేది. ఆ రోజుల్లో దేశంలో మిగతా చోట్ల 498ఎ రాజీకి వీలులేని సెక్షన్‌గా ఉండేది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2003లో సవరణ తెచ్చి, కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది. అందుకే మనవాళ్లకు 'భార్య సంతకం పెడితే కేసు పోతుంది' అనే నమ్మకం అంత గట్టిగా ఉంది. 307 అయితే అలా కుదరదు. హైకోర్టుకు వెళ్లి కొట్టివేయించుకోవాలి. 2019లో సుప్రీంకోర్టు కూడా హత్యాయత్నం సమాజం మీద నేరమనీ, ఇరుపక్షాలు కలిసిపోయినంత మాత్రాన కొట్టివేయకూడదనీ చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను రాజీ చేయించిన కేసుల్లో కొందరు ఆడపిల్లలు ఆ తర్వాత ఏమయ్యారో నేను ఎప్పుడూ వాకబు చేయలేదు. నర్సమ్మ గారు రాసింది చదివాక ఈ రాత్రి వాళ్లే గుర్తుకొస్తున్నారు.

ప్లీడరు_గుమాస్తా

టెక్సాస్‌లో ఒక క్రిమినల్ డిఫెన్స్ లాయరు దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. అంటే నిందితుల వైపు. కాబట్టి నేను చెప్పేది అటు నుంచి కూడా సరిచూసుకున్న మాట అనుకోండి.

కేసు మీ చెల్లెలిది కాదు, టెక్సాస్ రాష్ట్రానిది. ఆమె సాక్షి, బాధితురాలు. కేసు నడపాలా వద్దా అన్నది జిల్లా అటార్నీ కార్యాలయం నిర్ణయిస్తుంది. 'నాకు కేసు నడపడం ఇష్టం లేదు' అని ఆమె అఫిడవిట్ ఇవ్వవచ్చు. దాన్ని ప్రాసిక్యూటర్ చదువుతారు, ఫైల్లో పెడతారు. దాని వల్ల కేసు దానంతట అది ఆగదు. గొంతు నొక్కిన కేసుల్లో ఇలాంటి అఫిడవిట్లు వాళ్ల బల్ల మీదికి ఎన్నో వస్తాయి కాబట్టి, దాని వెనుక ఎవరున్నారా అనే ముందు చూస్తారు.

నడక ఇలా ఉంటుంది. 2009 నుంచి టెక్సాస్‌లో భార్యనో, ఇంట్లో మనిషినో, ప్రేమ సంబంధంలో ఉన్నవారినో గొంతు లేదా మెడ నొక్కి, లేదా ముక్కూ నోరూ మూసి, ఊపిరిని గానీ రక్త ప్రసరణను గానీ అడ్డుకుంటే మూడో తరగతి ఫెలనీ. శిక్ష 2 నుంచి 10 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. ఇంతకుముందు కుటుంబ హింస కేసు ఒకటి ఉంటే రెండో తరగతికి పెరిగి 20 ఏళ్ల దాకా వెళుతుంది. 2021 చట్టం తర్వాత ఈ నేరానికి డబ్బు కట్టకుండా సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టడం కుదరదు. మీ బావగారు బాండు కట్టాల్సి వచ్చింది అందుకే.

తర్వాత ఫైలు గ్రాండ్ జ్యూరీకి వెళుతుంది. 12 మంది మామూలు పౌరులు. 9 మంది సరేనంటేనే అభియోగం నిలుస్తుంది. లేదంటే అక్కడే ముగుస్తుంది. నిలిస్తే మెకిన్నీలోని డిస్ట్రిక్ట్ కోర్టుల్లో ఒకదానికి వెళుతుంది. ఆ తర్వాత నెలల తరబడి వాయిదాలు, బేరాలు. చివరిదాకా విచారణకు వెళ్లేవి కొన్నే.

ఒక హెచ్చరిక. మీ చిన్నాన్న గానీ, ఆ అబ్బాయి తల్లిదండ్రులు గానీ ఆమెకు ఫోను చేసి 'ఇలా చెప్పు, అలా చెప్పవద్దు' అని ఒత్తిడి చేస్తే, అది సాక్షిని ప్రభావితం చేయడం అనే వేరే నేరం కిందికి రావచ్చు. అతనే వాళ్ల చేత మాట్లాడిస్తున్నాడని తేలితే మెజిస్ట్రేటు ఉత్తర్వును ఉల్లంఘించినట్టు కూడా కావచ్చు. మంచి ఉద్దేశంతో ఇండియా నుంచి చేసిన ఫోను అతని మెడకే చుట్టుకోవచ్చు.

గోదారి_గట్టు

కోపంలో కాస్త ఎక్కువ చేసి చెప్పానని ఆమె రాసిస్తే సరిపోతుంది కదండీ? సంసారం నిలబడాలి కదా.

ప్లీడరు_గుమాస్తా

గోదారి_గట్టు గారూ, ఆ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. పోలీసులకు అబద్ధం చెప్పానని ఆమె రాసిస్తే, ఆ అబద్ధం కూడా టెక్సాస్‌లో నేరమే. ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఉంటే అదింకొక నేరం. హెచ్‌-4 మీద ఉన్న అమ్మాయి చేత తన మీద తానే కేసు రాయించినట్టు అవుతుంది. ఆమెకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే తన సొంత లాయరుతో మాట్లాడి చెప్పాలి. భర్త లాయరుతో కాదు. ఆయన పనిచేసేది భర్త కోసం. నేను అదే కుర్చీలో కూర్చుని చెబుతున్నాను.

దుబాసీ

నేను డల్లాస్ చుట్టుపక్కల కోర్టుల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తాను. నేను విన్న ఏ కేసు సంగతీ ఇక్కడ రాయను. మాటల గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే ఈ కేసులు మాటల దగ్గరే నిలబడతాయి, మాటల దగ్గరే పడిపోతాయి.

మన ఆడవాళ్లు మొదట చెప్పే మాట 'చెయ్యి చేసుకున్నాడు'. కొట్టాడు అనడానికి అదొక మర్యాద మాట. ఇంకా అడిగితే 'గొంతు పట్టుకున్నాడు' అంటారు. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి అది ఉట్టి పట్టుకోవడమే అవుతుంది. పట్టుకోవడం ఫెలనీ కాదు. చట్టం అడిగేది ఊపిరి ఆగిందా, రక్తం ఆగిందా అని. 'నొక్కాడు' అన్నా, 'పిసికాడు' అన్నా ఒత్తిడి వినబడుతుంది. అక్కడ కూడా ఒక చిక్కు ఉంది. 'పీక పిసికేస్తా' అని మనం ఉట్టి బెదిరింపుగా అనుకుంటూ ఉంటాం. కాబట్టి 'పీక పిసికేశాడు' అంటే నిజంగా చేశాడా, లేక కోపంతో అన్న మాటా అని ఎదుటి లాయరు తప్పకుండా నిలదీస్తారు.

అన్నిటికన్నా నన్ను కష్టపెట్టే మాట 'కళ్ళు బైర్లు కమ్మాయి'. ఎండలో నిలబడినా బైర్లు కమ్ముతాయి, ఉపవాసం ఉన్నా కమ్ముతాయి. దాన్ని 'తల తిరిగింది' అని చెప్పేస్తే జ్యూరీలో కూర్చున్న 12 మందికి అదొక నీరసం. కానీ గొంతు మీద చేయి ఉన్నప్పుడు బైర్లు కమ్మడం అంటే చూపు అంచుల నుంచి నల్లబడుతూ రావడం. మెదడుకు రక్తం అందలేదనడానికి అదే సాక్ష్యం. నేను 'చూపు నల్లబడింది' అని చెబుతాను. ఎవరైనా అభ్యంతరం చెబితే జడ్జికి వివరిస్తాను.

రాత్రి రెండు గంటలకు పోలీసు వచ్చినప్పుడు అక్కడ దుబాసీ ఉండరు. ఫోనులో దొరికితే దొరకవచ్చు. పక్కింటి తెలుగు కుర్రాడు మాట సాయం చేస్తాడు. కొన్నిసార్లు సాక్షాత్తూ భర్తే అనువాదం చేస్తాడు. ఆ రాత్రి కాగితం మీద పడిన క్రియాపదమే ఏడాది పాటు కేసును నడిపిస్తుంది. అన్నగారూ, మీ చెల్లెలు ఆ రాత్రి పోలీసుతో ఏ భాషలో మాట్లాడింది? ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చింది? ఇంకెవరూ ఆమెకు మాటలు అందించకముందే, ఆమె మాటల్లోనే తనకు గుర్తున్నది తన కోసం రాసి పెట్టుకోమనండి.

ఇంకొకటి. 911కి చేసిన ఫోను రికార్డవుతుంది. ప్రమాదం జరుగుతున్నప్పుడు సాయం కోసం చెప్పిన మాటలను, చెప్పిన మనిషి కోర్టుకు రాకపోయినా వినిపించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2006లో తీర్పిచ్చింది. జైలు నుంచి చేసే ఫోన్లు కూడా రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ తెలియదనుకునేవారి ఫోన్లను అనువదించే పని నాలాంటివాళ్లదే.

ఒక_తమ్ముడు

అందరూ ఒకవైపే చెబుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా అన్న మీద ఇదే సెక్షన్ కింద టెక్సాస్‌లో వేరే కౌంటీలో కేసు పెట్టారు. గొడవలో ఇద్దరూ ఒకరినొకరు తోసుకున్నారు. వదిన భుజం పట్టుకున్నాడు. తెలుగు సరిగా రాని ఎవరో 'మెడ' అని చెప్పారు. ఏడు నెలల తర్వాత గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. ఆ ఏడు నెలల్లో ఉద్యోగం పోయింది, వీసా గడువు దగ్గరపడింది, మా నాన్న ఆరోగ్యం పాడైంది. వదిన స్వయంగా వెళ్లి భుజమే పట్టుకున్నాడని చెప్పింది. అది నిజం కూడా.

ఇప్పటికీ కాన్సులేటు ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అనే ప్రశ్నకు అవును అని రాయాలి. శిక్ష పడిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

దుబాసీ

తమ్ముడు గారూ, మీరు చెప్పినదాన్ని నేను పూర్తిగా నమ్ముతాను. భుజం మెడ కావడం, మెడ భుజం కావడం రెండూ నేను విన్నాను. మాట సరిగా పడాలని నేను ఇంతగా పట్టుబట్టేది ఇద్దరి కోసమూ.

తెనాలి_అన్న

మొన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇక్కడ నిన్న పొద్దున్న ఆరింటికి చెల్లికి ఫోను చేశాను. ఈ ఆరు రోజుల్లో రోజూ మాట్లాడుతూనే ఉన్నాను. కేసు గురించి, లాయరు గురించి, మామగారు ఏమన్నారనే దాని గురించి. 'గొంతు ఎలా ఉందమ్మా' అని మొదటిసారి నిన్నే అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు చెప్పింది. అన్నం మింగలేక ఆరు రోజులుగా మజ్జిగ, సేమ్యా పాయసంతో గడుపుతోందట. నర్సు గారి ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. చివరిది నేను అడగలేకపోయాను. మా ఆవిడ అడిగింది. అవునని చెప్పిందట.

ఎమర్జెన్సీకి వెళ్లింది. సీటీ తీశారు. దేవుడి దయ వల్ల రక్తనాళాలు బాగున్నాయి. స్వరపేటిక దగ్గర వాపు, కమిలిన గాయం ఉన్నాయన్నారు. అక్కడి నర్సు కొలత పట్టీ పెట్టి ఫొటోలు తీశారు, ఆమె చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకున్నారు.

దుబాసీ గారు అడిగినదానికి జవాబు. ఆ రాత్రి చెల్లి సగం ఇంగ్లిషులో, సగం సైగలతో చెప్పిందట. 'పట్టుకున్నాడు' అనే చెప్పిందట. 'నొక్కాడు అని నోటికి రాలేదన్నయ్యా, భర్త గురించి అలా ఎలా చెప్పను' అంది.

కాగితం గురించి అడిగిన నా ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నాన్నకు కూడా చెప్పాను. కోపం వచ్చింది, ఫోను పెట్టేశాడు. మళ్లీ ఆయనే సాయంత్రం ఫోను చేసి 'పిల్ల అన్నం తిందా' అని అడిగాడు.

రాత్రి_షిఫ్టు

వెళ్లినందుకు ఆమెకు, అడిగినందుకు మీ ఆవిడగారికి నా నమస్కారాలు. తలనొప్పి, చూపులో తేడా, తిమ్మిరి ఏది వచ్చినా మళ్లీ వెంటనే వెళ్లాలి. 2008లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ప్రకారం, ఒకసారి భాగస్వామి గొంతు నొక్కిన స్త్రీ తర్వాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఆ 61 రోజులు పూర్తయ్యేలోపు ఎక్కడ ఉండాలో ఇప్పుడే ఆలోచించుకోమనండి.

శ్రావణమేఘం

నాది ఇదే కథ, చాలా ఏళ్ల కిందటిది. నా మాజీ భర్తకు ఐదేళ్ల డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇచ్చారు. గడువు ముగిశాక కేసు కొట్టేశారు. మా ఊళ్లో, ఇక్కడి తెలుగు సంఘంలో 'కోర్టు నిర్దోషి అంది' అని చెప్పుకున్నాడు. నేనే అబద్ధమాడానని అందరూ అనుకున్నారు. ఎన్నో ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను, కోర్టు నన్ను నమ్మలేదని. అసలు ఆ మాటకు అర్థమేమిటో ఎవరైనా చెప్పండి. ఈ అమ్మాయి అయినా తెలుసుకుంటుంది.

ప్లీడరు_గుమాస్తా

అమ్మా, కోర్టు మిమ్మల్ని నమ్మింది. డిఫర్డ్ అడ్జుడికేషన్ రావాలంటే అతను ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా కాదనకుండా ఉండాలి. సాక్ష్యం సరిపోతుందని జడ్జి తేల్చాలి. ఆ తర్వాత దోషి అనే తీర్పును రాయకుండా వాయిదా వేసి, షరతులు పెడతారు. ఫెలనీకి 10 ఏళ్ల దాకా పెట్టవచ్చు. హింస మానిపించే తరగతులు, బాధితురాలిని కలవకూడదనడం, నెలనెలా అధికారి ముందు హాజరు. అన్నీ పాటిస్తే కేసు మూస్తారు, తప్పితే మొత్తం 10 ఏళ్ల శిక్ష తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. నిర్దోషి అనే మాట ఇందులో ఎక్కడా లేదు.

అది చెరిగిపోదు కూడా. కుటుంబ హింస అని తేలిన కేసుల రికార్డును మామూలు కేసుల్లా మరుగుపరచడానికి టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. మళ్లీ ఇలాంటి కేసు వస్తే పాతదాన్ని శిక్షగానే లెక్కవేసి తరగతి పెంచుతారు. ఇక ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటే శిక్ష పడినట్టే. మనవాళ్లు ఇక్కడే ఘోరంగా దెబ్బతింటారు. 'కేసు పోతుంది, సంతకం పెట్టు' అని ఎవరో అంటారు, పెడతారు. గృహహింస నేరం కింద గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించవచ్చు. విదేశీయుడైన నిందితుడికి ఈ పర్యవసానాలు చెప్పడం లాయరు బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పింది. అందుకే మా ఆఫీసులో ఇమ్మిగ్రేషన్ లాయరు చూడకుండా ఏ ఒప్పందమూ కదలదు.

అన్నగారి చెల్లెలికి ఒక మాట. జిల్లా అటార్నీ కార్యాలయంలో బాధితుల సహాయకులు ఉంటారు. 61 రోజుల తర్వాత రెండేళ్ల దాకా రక్షణ ఉత్తర్వు కోసం ఆ కార్యాలయమే ఆమె తరపున దరఖాస్తు చేయగలదు, ఫీజు ఉండదు. నేర విచారణకు సహకరించిన బాధితులకు యు వీసా అనేది ఒకటి ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి వరుస చాలా పొడుగు, అయినా అడగడం ఆమె హక్కు.

శ్రావణమేఘం

చదివాను. మళ్లీ చదివాను. దీన్ని ప్రింటు తీసి మా అమ్మకు పంపుతున్నాను.

తెనాలి_అన్న (పది నెలల తర్వాత)

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు క్షమించండి. ఇన్ని చెప్పినవారికి చివర ఏమైందో చెప్పాలి కదా.

గ్రాండ్ జ్యూరీ ఫెలనీ అభియోగం మోపింది. ఆస్పత్రి కాగితాలు, 911 రికార్డింగు రెండూ వాళ్ల ముందుకు వెళ్లాయట. అతని లాయరు మొదట డిఫర్డ్ అడ్జుడికేషన్ అడిగి, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాక వెనక్కి తగ్గాడు. విచారణ తేదీ కూడా వేశారు. చివరికి రెండు వారాల ముందు ఒప్పందం కుదిరింది. ఫెలనీని ఉపసంహరించి, కౌంటీ కోర్టులో క్లాస్ ఎ మిస్‌డిమీనర్‌గా (ఫెలనీ కన్నా చిన్న నేరం) కొత్త కేసు వేశారు, కుటుంబ హింస అన్న నిర్ధారణతో. 300 రోజుల జైలు, దాన్ని నిలిపివేసి 18 నెలల ప్రొబేషన్, అంటే అధికారి పర్యవేక్షణ. హింస మానిపించే తరగతులకు వెళ్లాలి, చెల్లి దరిదాపుల్లోకి రాకూడదు.

చెల్లి ఇప్పుడు వేరే ఊళ్లో ఒక స్నేహితురాలి దగ్గర ఉంటోంది. విడాకులు నడుస్తున్నాయి. ఒప్పందానికి ముందు ప్రాసిక్యూటర్ ఆమెను పిలిచి అడిగారు. ఒప్పుకుంది. నాకు మాత్రం ఇప్పటికీ మనసు కుదుటపడలేదు. ఆస్పత్రి కాగితం అంత స్పష్టంగా ఉంటే ఎందుకు తగ్గించారు?

ప్లీడరు_గుమాస్తా

పూర్తి కారణం ఆ గదిలో ఉన్నవారికే తెలుస్తుంది. సాధారణంగా ఏమి తూకం వేస్తారో చెప్పగలను. మొదటి రాత్రి కాగితంలో 'పట్టుకున్నాడు' అని ఉంది. ఆరు రోజుల తర్వాతి ఆస్పత్రి కాగితంలో 'నొక్కాడు' అని ఉంది. డిఫెన్స్ లాయరు ఈ రెండింటినీ జ్యూరీ ముందు పక్కపక్కన పెడతారు. 12 మందిలో ఒక్కరు సందేహించినా ఏకగ్రీవం కుదరదు. మరొక చిక్కు కూడా ఉంది. 2021లో టెక్సాస్ అత్యున్నత క్రిమినల్ కోర్టు చెప్పినదాన్ని బట్టి, ఊపిరి ఆపడమనేది దానికదే ఒక ప్రత్యేకమైన గాయం. అది రుజువు కాకపోతే, వేరే చిన్న గాయాన్ని చూపించి 'కనీసం మామూలు దాడి అయినా' అని అదే విచారణలో జ్యూరీని అడగడానికి దారి మూసుకుపోయింది. అంటే అయితే ఫెలనీ, లేకపోతే ఏమీ లేదు. ఆ పందెం కాయడానికి ప్రాసిక్యూటర్లు వెనకాడతారు. అటువైపు 10 ఏళ్ల భయం ఉంటుంది. మధ్యలో ఇలా కలుస్తారు.

300 రోజులు ఎందుకని కూడా మీకు అనిపించి ఉంటుంది. క్లాస్ ఎ నేరానికి ఏడాది దాకా వేయవచ్చు. కానీ హింసాత్మక నేరానికి ఏడాది శిక్ష పడితే, అది నిలిపివేసిన శిక్ష అయినా సరే, ఇమ్మిగ్రేషన్ చట్టంలో మరింత కఠినమైన కోవలోకి వెళ్లిపోతుంది. 65 రోజులు తగ్గించింది అతని లాయరు. నేనైనా అదే చేసేవాణ్ణి. అయినా గృహహింస అనే ముద్ర అతని వీసా మీద ఏమి చేస్తుందో చెప్పలేం.

రాత్రి_షిఫ్టు

నాకు బాధగా ఉంది, దాచుకోను. మొదటి రాత్రే ఎవరైనా ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్లి ఉంటే ఆ రెండు కాగితాలూ ఒకే మాట చెప్పేవి. మీ చెల్లెలికి మింగడం ఇప్పుడు బాగుందా?

తెనాలి_అన్న

బాగుందమ్మా. అన్నం తింటోంది. పాట పాడితే పై స్థాయి అందడం లేదంటుంది. చిన్నప్పుడు తెనాలిలో సంగీతం నేర్చుకుంది.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. శిక్ష చదివిన తర్వాత బాధితురాలు కోర్టులో మాట్లాడవచ్చట. శిక్ష అప్పటికే ఖరారైపోతుంది కాబట్టి ఆ మాటల వల్ల ఏదీ మారదు. ప్రాసిక్యూటర్ అదే చెప్పి, అవసరం లేదనుకుంటే మానేయవచ్చన్నారు. చెల్లి మాట్లాడతానంది. తెలుగులో మాట్లాడతానని దుబాసీని అడిగింది. మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని వెళ్లింది. 'ఆ రాత్రి నా గొంతు పట్టుకోలేదు, నొక్కాడు. నా కళ్ళు బైర్లు కమ్మాయి. నేను చచ్చిపోతున్నానని తెలిసింది.'

రెండో వాక్యం దగ్గర దుబాసీ ఒక్క క్షణం ఆగారట. ఆగి, చూపు నల్లబడింది అనే అర్థంలో ఇంగ్లిషులో చెప్పారట. తను అన్నది సరిగ్గా వెళ్లిందా లేదా అని చెల్లికి అనుమానం. రెండు రోజులుగా నన్ను అడుగుతోంది.

దుబాసీ

సరిగ్గా వెళ్లింది. ఆమెతో చెప్పండి.